బొటనవేలు బయటికి

మా అత్తగారింట్లో గాజు టీగ్లాసులన్నీ అటకెక్కించేశారట. బాక్సింగు చేసే కోడలు వస్తోంది కదా, ఎందుకైనా మంచిదని రేకు గ్లాసులు కొనుక్కున్నారట. ఈ మాట వాళ్ల పక్కింటి శాజియె రొట్టెల పొయ్యి దగ్గర మా పిన్నితో అందట. పిన్ని వచ్చి అమ్మతో అంది, అమ్మ నాతో అనలేక నాయనమ్మతో అంది, నాయనమ్మకి చెవుడు కాబట్టి కొండ కింద రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా వినబడేలా అనాల్సి వచ్చింది. అదే శాజియె ఇప్పుడు చేతిలో కొవ్వొత్తి పట్టుకుని, గొంతులోకి ఎక్కడలేని దుఃఖం తెచ్చుకుని, కూతుర్ని కొండలు దాటించే తల్లి పాట పాడుతూ నా చుట్టూ తిరుగుతోంది. ఆమె వెనక ఊళ్లో ఆడవాళ్లందరూ. బయట పట్టపగలు, కర్టెన్లన్నీ వేసేసి గదిలో చీకటి చేసుకున్నారు. నేను మధ్యలో కుర్చీలో, తల మీంచి మోకాళ్ల దాకా ఎర్రటి మేలిముసుగుతో. ముసుగులోంచి చూస్తే కొవ్వొత్తులు, మనుషులు, గోడ మీద తాతయ్య ఫొటో అన్నీ దానిమ్మరసంలో మునిగినట్టున్నాయి. రేపు పెళ్లి, ఇవాళ గోరింట. పెళ్లికూతురు కుడి పిడికిలి బిగించుకుని కూర్చోవాలి, అత్తగారు వచ్చి అరచేతిలో బంగారు కాసు పెడతాననాలి, పిల్ల కాసేపు బెట్టు చెయ్యాలి, అందరూ నవ్వాలి, అప్పుడు చెయ్యి తెరవాలి. కాసు మీద గోరింట ముద్ద పెట్టి ఎర్రగుడ్డ కడతారు. తెరిచిందంటే ఆ ఇంటి మనిషవడానికి ఒప్పుకున్నట్టే. హనీఫె అత్త కాసు పట్టుకొచ్చి నిలబడింది. నేను తెరవలేదు.

బెట్టు చేస్తున్నాననుకుంటున్నారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను, ఊరికే కాసేపు ఆడదాం, ఎప్పుడూ నవ్వని ఆవిణ్ని ఒకసారి నవ్విద్దాం అని. కానీ వేళ్లు ముడవగానే బొటనవేలు తనంతట తనే బయటికొచ్చి వేళ్ల మీద అడ్డంగా కూర్చుంది. ఏ పెళ్లికూతురైనా ఈ వేళప్పుడు బొటనవేలు లోపల దాచుకుంటుంది, కోడిపిల్లని దాచినట్టు. మా అక్క అలాగే పెట్టుకుంది. అమ్మా అలాగే పెట్టుకుని ఉంటుంది. బొటనవేలు బయటికి పెట్టు, లోపల పెడితే నువ్వు కొట్టిన దెబ్బకి నీ వేలే విరుగుతుంది: సెలామి మాస్టారు నాతో అన్న మొదటి మాట అది. పేరు కూడా అడగలేదు. పట్నంలో ఫుట్‌బాల్ మైదానం మెట్ల కింద ఆయన జిమ్ము, పైన జనం గోల కొట్టి ఎగిరితే కింద మా నెత్తిన సున్నం రాలేది. మూల పొయ్యిలో ఫిందుక్ చిప్పలు మండేవి. చాక్లెట్లవాళ్లు కొనుక్కుపోయే ఆ గుండ్రటి గింజే మా కొండలకి అన్నం పెడుతుంది, చిప్ప మాకు చలి కాస్తుంది. ఎరువుల గోతాంలో పాతగుడ్డలూ ఆ చిప్పలే కూరి దూలానికి వేలాడదీశారు, గుద్దితే గలగలమనేది. నాకోసం ఎవరూ నన్ను అక్కడికి పంపలేదు. తమ్ముడు నెజ్మి పదిమందిలో నోరు విప్పడని, ధైర్యం వస్తుందని నాన్న వాణ్ని చేర్చి, ఒక్కడూ బస్సెక్కడని నన్ను తోడిచ్చాడు. వాడు నెల తిరక్కుండా మానేసి ఫిడేలు పట్టుకున్నాడు. ఇదిగో, కింద వాకిట్లో మగవాళ్ల మధ్య వాయిస్తున్నది వాడే, ఎప్పటిలాగే కొంచెం తొందరగా. నేను మాత్రం వాడి సంచీ మోసుకెళ్తూనే ఉన్నాను, కొన్నాళ్లకి అందులో గ్లవ్స్ నావయ్యాయి. నాన్నకి ఈ సంగతి ఎప్పుడు తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. ఒకసారి మాత్రం తోటలో కొమ్మ వంచుతూ, వాడి సంచీ నీకు బరువుగా లేదా, అన్నాడు. లేదన్నాను. సరే అన్నాడు.

ఎవరో తొడ మీద గిల్లారు. నాయనమ్మే, ఆ గోళ్లు నాకు తెలుసు. ముసుగు పక్కనుంచి మొహం పెట్టి, తను మెల్లగా మాట్లాడుతున్నాననుకుంటూ, "ఏడవవే," అంది. "రావట్లేదు నాయనమ్మా," అన్నాను. "రాకపోతే తెప్పించుకోవాలి. ఏడవని పిల్లని చూసి రేపు అక్కడ ఏమంటారు, పుట్టింట్లో తిండి పెట్టలేదేమో, పోతే చాలనుకుందీ అంటారు." ఇంకోసారి గిల్లింది. నాకు నొప్పి తెలియలేదు. డొక్కల్లో ఇన్నేళ్లు తిన్నదానికి ముసలావిడ గిల్లుడు ఓ లెక్కా. "ఏం పిల్లవే నువ్వు, చర్మమా తోలా," అని విసుక్కుని వెనక్కి వాలిపోయింది. నాయనమ్మకి నా బాక్సింగు మీద కోపం లేదు, ఏనాడూ లేదు. ఆవిడకి అది సైన్యంలాంటిదే. మొదటిసారి బయటి ఊరి పోటీకి వెళ్తుంటే ముందురోజు నా రెండు అరచేతుల్లో గోరింట పెట్టింది. మా దగ్గర గోరింట ముగ్గురికి పెడతారు: బలికి పోయే పొట్టేలుకి, సైన్యానికి పోయే కుర్రాడికి, అత్తింటికి పోయే పిల్లకి. "ఈ ముగ్గురిలో నేనెవర్నే నాయనమ్మా," అంటే, "నోర్మూసుకుని చెయ్యి పట్టు," అంది.

ఆ గోరింటతోనే వచ్చింది తంటా. ఓర్దూలో ఏదో బడి ఆటల హాలు, పోటీకి ముందు చేతికట్లు చూసే అధికారి నా చేతి గుడ్డ విప్పించాడు, అరచెయ్యి చూసి అడుగు వెనక్కి వేశాడు. "ఏం పూశావు దీనికి?" "నేను పూయలేదు సార్, నాయనమ్మ పూసింది." "ఏం పూసింది అని అడుగుతున్నా." "గోరింట." "ఎందుకు?" "వెళ్లి తిరిగి రావాలని." ఆయన డాక్టర్ని పిలిచాడు. పిడికిలి గట్టిపడటానికి ఏదైనా మందు రాశారేమోనని అనుమానం. డాక్టరు నా అరచెయ్యి వాసన చూసి, స్పిరిటు పెట్టి రుద్ది, పోకపోతే మళ్లీ వాసన చూసి, "మా ఆవిడ తలకి పెట్టుకునేది ఇదేనయ్యా, పోనీ," అన్నాడు. "మీ నాయనమ్మకి చెప్పు, నియమాల్లో గోరింట లేదని," అన్నాడు అధికారి. వచ్చి చెప్పాను. నాయనమ్మ ఆలోచించి, "వద్దని ఉందా?" అంది. లేదన్నాను. "మరింకేం."

ఆ పోటీ ఓడిపోయాను. బరిలో నాకు గుర్తున్నది ఒకటే, ఆ పిల్ల బూట్లు కొత్తవి, కిచకిచమనేవి, ఆ చప్పుడు ఎడమ పక్కనుంచి వస్తే దెబ్బ కుడి పక్కనుంచి వచ్చేది. అయిపోయాక అవతలి మూలకి వెళ్లి వాళ్ల గురువుకి దణ్ణం పెట్టాలని మాస్టారు చెప్పాడు, ఎలా పెట్టాలో చెప్పలేదు. అందరూ గ్లవ్ తాకించి వచ్చేస్తారని నాకేం తెలుసు. వెళ్లి చూస్తే ఆయన తెల్లమీసాల పెద్దాయన. పండగపూట పెద్దలకి చేసినట్టు గ్లవ్స్‌తోనే ఆయన చెయ్యి అందుకుని, ముద్దుపెట్టి, నుదుటికి ఆనించుకున్నాను. నోట్లో పళ్ల రబ్బరు ఇంకా తియ్యలేదు, చేతికంతా ఉమ్మయింది. హాలంతా నవ్వింది. పాపం ఆయనకీ అలవాటే కదా, పండగపూట చెయ్యి ముద్దుపెట్టిన పిల్లలకి ఇవ్వడం, జేబులు తడుముకుని ఒక పిప్పరమెంటు తీసి నా గ్లవ్ మీద పెట్టాడు. అది పడిపోకుండా రెండు చేతుల మధ్య పట్టుకుని బరిలోంచి దిగాను. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా అవతలి గురువులు నాకోసం జేబులో ఏదో ఒకటి ఉంచుకునేవాళ్లు. ముక్కు పగలగొట్టించినవాళ్లే బిళ్లలు ఇచ్చేవాళ్లు. లోకం మీద నాకెందుకో కోపం రాదు, కారణం ఇదేనేమో.

ఎవరో కొవ్వొత్తి మైనం నా పాదం మీద బొట్టు పడేశారు. అత్త ఇంకా నిలబడే ఉంది. తల వంచుకుని కూర్చున్నాను కాబట్టి ఆవిడ మొహం కనబడదు, కనబడేది నడుము దగ్గర కట్టుకున్న శాలువా, దాని కింద కష్టం చేసే మనిషి నిలబడే తీరు, రెండు కాళ్లూ దూరంగా, ఏటవాలు నేల మీద నిలబడినట్టు. గట్టి నేల మీద కూడా అలాగే నిలబడుతుంది. బరిలో అలా నిలబడమనే మాస్టారు నా కాళ్లని బెత్తంతో తట్టి తట్టి చెప్పేవాడు, ఆవిడకెవరు చెప్పారో. నాకు పోటీల్లో వచ్చినవన్నీ కంచు పతకాలే. సెమీఫైనలు నీకు చుట్టాలిల్లే పిల్లా, అనేవాడు మాస్టారు, వెళ్తావు, భోంచేస్తావు, వచ్చేస్తావు. అంకారాలో, మలాత్యాలో, పేరు మర్చిపోయిన ఊళ్లలో, హాస్టళ్ల ఇనప మంచాల మీద, బరువు తగ్గడానికి నోట్లో నిమ్మచెక్క పెట్టుకుని ఉమ్ముతూ, పక్క మంచం పిల్ల కబాబుల గురించి కాదు, వాళ్లమ్మ చేసే మొక్కజొన్న గంజి గురించి కలవరిస్తుంటే వింటూ. అవన్నీ కష్టాలని అప్పుడూ అనిపించలేదు. ఓడి తిరిగొచ్చిన బస్సుల్లోనే నేను బాగా నిద్రపోయాను. కాలేజీలో వ్యాయామ విద్య చదివేటప్పుడు ఒక మేడం అడిగింది, జుమ్రుత్, ఎందుకు కొట్టుకుంటావమ్మా, నీలో ఏదైనా కసి ఉందా అని. ఆలోచించాను. ఏమీ దొరకలేదు. బాగుంటుంది మేడం అన్నాను. ఎదురుగా ఒక మనిషి, పూర్తిగా నిన్నే చూస్తూ. ఇంట్లో నలుగురం భోంచేస్తాం, ఎవరైనా ఒకర్నొకరు అంతలా చూసుకుంటామా.

నన్ను చేసుకోబోయే ఎర్దాల్ కూడా అద్దంలోనే చూసేవాడు. మా ఊరికీ పట్నానికీ మధ్య తిరిగే మినీబస్సు అతనిది, చివరి ట్రిప్పులో చివరి మనిషిని నేను. నెగ్గావా ఓడావా అని ఎప్పుడూ అడగలేదు. ముందు అద్దంలో నా మొహం చూసి, రేడియో పెంచాలో ఆపెయ్యాలో తేల్చుకునేవాడు. ఒకరోజు ముక్కు ఇంత లావున వాచి ఎక్కాను. చేపల బజారు దగ్గర బస్సాపి దిగిపోయాడు, ఎవర్నో బతిమాలి ప్లాస్టిక్ సంచిలో ఐసు తెచ్చాడు. "పెట్టుకో." "చేపల కంపు కొడుతోంది." "అయితే ముక్కు పనిచేస్తోందన్నమాట," అని బండి తీశాడు. అంతే, అదే మా ప్రేమకథ, ఇంటికెళ్లాక పిల్లి నా వెనకే తిరిగింది. పిల్లనడగడానికి వాళ్లమ్మతో వచ్చినప్పుడు నేను కాఫీ పట్టుకెళ్తే, హనీఫె అత్త నా మొహం చూడలేదు, ముక్కు అసలే చూడలేదు, కప్పు అందుకుంటూ నా మణికట్టు చూసింది. మొగుడు పోయాక ఆ ఏటవాలు తోటంతా ఒక్కతే చేసింది ఆవిడ, నడుముకి తాడు కట్టుకుని, తాడు చెట్టుకి కట్టి. ఆవిడంటే నాకు ఇష్టం. అదే వచ్చిన చిక్కు. చెడ్డదయితే ఎలా కొట్లాడాలో నాకు తెలుసు.

ఎందుకంటే ఈ చలికాలం సాంసున్‌లో, జాతీయ పోటీల్లో, నేను సెమీఫైనలు దాటేశాను. మర్నాడు ఫైనల్లో ఇస్తాంబుల్ పిల్ల, ఏళ్ల తరబడి గెలుస్తున్న పిల్ల, పొడుగు చేతులది, అందకుండా తిరుగుతుంది. ఇన్నాళ్లూ అలాంటివాళ్ల వెనక పరిగెత్తి పరిగెత్తి ఓడాను. ఆ రోజెందుకో నాన్న కొమ్మ వంచడం గుర్తొచ్చింది. కొమ్మని లాగకూడదు, లాగితే విరుగుతుంది, కొక్కెం తగిలించి దాని బరువుకి అదే వంగేదాకా ఆగాలి, వంగాక ఒక చేత్తో పట్టి రెండో చేత్తో దులపాలి. ఆగాను. వెనక్కి ఒక అడుగు, మళ్లీ ఒక అడుగు, తాడు వీపుకి తగిలేదాకా. ఆమె వంగింది. ఆ తర్వాత ఏం జరిగిందో చేతులకి తెలుసు, నాకు పెద్దగా తెలియదు. రెఫరీ నా చెయ్యెత్తినప్పుడు హాలు చప్పుడు వినబడలేదు, మాస్టారు మూలలో తువ్వాలుతో కళ్లు కాదు, చెప్పులు తుడుచుకుంటున్నాడు, అదొక్కటే కనబడింది. తర్వాత కబురొచ్చింది, జాతీయ జట్టు శిబిరానికి రమ్మని. అక్కణ్నుంచి ఐరోపా పోటీలకి ఎంపిక. శిబిరానికి రాకపోతే జట్టు లేదు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు, ఇంకో ఏడాది పిలుస్తారని నమ్మకం లేదు, మాస్టారికీ లేదు, ఆయన అనడు. శిబిరం ఆగస్టు మొత్తం. ఫిందుక్ కోత ఆగస్టు మొత్తం. కొత్త కోడలు మొదటి కోతకి తోటలో కనబడి తీరాలి, ఎర్ర తలగుడ్డ కట్టుకుని, అత్తగారి పక్క వరసలో, ఎదురు కొండ మీదనుంచి కూడా అందరికీ కనబడేలా. ఎర్దాల్ వాళ్లమ్మని అడిగాడు. ఆవిడ తోటవైపు చూసి, చూద్దాం, అందట. మళ్లీ అడిగాడు, మళ్లీ తోటవైపే చూసిందట. "కాదని అనలేదుగా," అన్నాడు నాతో. "ఔననీ అనలేదుగా," అన్నాను. "మా అమ్మ అంతే, వాన పడాలా వద్దా అని అడిగినా తోటనే చూస్తుంది."

అందుకే తెరుచుకోవడం లేదు ఈ చెయ్యి, ఇప్పుడు తెలిసింది. తెరిచేస్తే అడగనట్టే. రేపటినుంచి నేను ఆ ఇంటి కోడల్ని, కోడలు అడిగేది వేరు, ఆగస్టులో పోతానని అడిగినా గడప దాటి పోతానన్నట్టే వినబడుతుంది. పెళ్లికూతురికి అడిగే హక్కు ఈ కాసేపే, పిడికిలి మూసి ఉన్నంతసేపే. కానీ ఇందరిముందు అడిగి ఆవిడ కాదంటే, ఇందరి సాక్షిగా కాదన్నట్టు, ఇక ఎర్దాల్ కాదు కదా ఎవరూ తిప్పలేరు. గుండె కొట్టుకుంటోంది, భయం కాదు, గంట మోగేముందు కొట్టుకున్నట్టు, ఆకలిలా. నాకీ చప్పుడు ఇష్టం. పదేళ్ల పైగా ఈ చప్పుడు కోసమే బస్సులెక్కాను. గెలిచినా ఓడినా దీని తర్వాత నేను బాగానే ఉంటాను, ఎప్పుడూ బాగానే ఉన్నాను. అయినా గెలవాలనుంది.

పాట ఆగిపోయింది. "పెళ్లికూతురు చెయ్యి తెరవట్లేదమ్మోయ్," అంది ఎవరో. "కాసు చాల్లేదేమో, ఇంకోటి తియ్యి హనీఫె." "కాసు కాదే, మినీబస్సు అడుగుతోంది." "జాగ్రత్త వదినా, మొహం పక్కకి పెట్టుకుని అడుగు," అని శాజియె అంది, గదంతా నవ్వింది, నేనూ ముసుగులో నవ్వాను, బాగానే అంది. అత్త నవ్వలేదు. కాసు నా వేళ్ల సందులో పెట్టి నొక్కింది, దూరలేదు. అప్పుడావిడ మోకాళ్లు పటపటమంటుంటే నా ముందు నేలమీద కూర్చుంది, ముసుగు అంచు ఎత్తింది, తలకాయ లోపలికి పెట్టేసింది. ఇద్దరం ఆ ఎరుపులో. ఇంత దగ్గరగా ఆవిడ మొహం ఎప్పుడూ చూడలేదు. పూర్తిగా నన్నే చూస్తోంది.

"ఏం కావాలే?" అంది, గొంతు తగ్గించి.

"ఆగస్టు."

"మొత్తమా?"

"మొత్తం, అత్తా."

నా పిడికిలి రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పింది. బొటనవేలు నొక్కి చూసింది, గింజ నిండిందా లేదా అని కాయని నొక్కినట్టు. బయట ఎవరో గొణుగుతున్నారు, ఏం జరుగుతోందక్కడ అని. "సెప్టెంబరులో కాయల ఆరబోతా ఒలుపూ ఉంటాయి," అంది. "నాకు నడుము వంగదు."

"ఉంటాను."

"చేతులు జాగ్రత్తగా తీసుకురా. ముక్కు నీ ఇష్టం."

తల బయటికి తీసుకుంది. నేను తెరిచాను. తెరవడానికి కాస్త కష్టపడాల్సొచ్చింది, వేళ్లు బిగుసుకుపోయాయి. కాసు చల్లగా తగిలింది, దాని మీద గోరింట ఇంకా చల్లగా, తడి మట్టిలా. తొడ మీద నాయనమ్మ గిల్లినచోటు అప్పుడు మండటం మొదలుపెట్టింది. అత్త ఎర్రగుడ్డ చుడుతూనే, ఎవరివైపూ చూడకుండా, గదికంతా వినబడేలా చెప్పింది, ఆగస్టులో కోడలు తోటలోకి రాదు, జట్టులోకి పోతోంది అని. కొవ్వొత్తులు కదలడం మానేశాయి. ఎర్దాల్ పెద్దమేనత్త దుర్దానె ముందుకొచ్చింది, వాళ్లింట్లో మంచీచెడూ ఆవిడ నోటిమీదుగానే పోతాయి.

"అదేం మాట వదినా, కొత్త కోడలు లేకుండా మొదటి కోతా? ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారు?"

హనీఫె అత్త నా మణికట్టు దగ్గర ముడి వేసి, పళ్లతో గట్టిగా లాగి, చూసుకుంది.

"అనుకునేవాళ్లని బుట్ట తెచ్చుకుని రమ్మను. దీని వరస ఖాళీగానే ఉంటుంది."